ఐబిస్ పెయింట్ ఎక్స్: తల్లీకూతుళ్ళం కలిసి వాడుతున్న బొమ్మల యాప్

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. నాది తెనాలిలో టైలరింగ్, మగ్గం వర్క్ షాపు. ఇద్దరం ఒకే ఫోన్లో ఒకే యాప్ వాడతాం. దాని పేరు ఐబిస్ పెయింట్ ఎక్స్. తను బొమ్మలు వేసుకుంటుంది, నేను జాకెట్ల వీపు డిజైన్లు గీసుకుంటాను. షాపుకి వచ్చే అమ్మలు చాలామంది "మా పిల్ల కూడా ఎప్పుడు చూసినా బొమ్మలే, ఏం కొనివ్వమంటారు" అని అడుగుతుంటారు. కొలతలు తీసుకుంటూ ఒక్కొక్కరికీ చెప్పాలంటే సగం మాట మింగేయాల్సి వస్తోంది. అందుకని తీరిగ్గా రాస్తున్నా.

నన్నడిగితే, ప్రస్తుతానికి ఏమీ కొనకండి. రంగుల పెట్టె వద్దు, ట్యాబ్ వద్దు. ఇంట్లో ఉన్న ఫోన్లోనే ఇది వేసి ఇవ్వండి. ఆర్నెల్లు పోయాక కూడా పిల్ల వదలకుండా గీస్తుంటే అప్పుడు జేబు తడుముకోవచ్చు.

ఇది జపాన్ వాళ్ళ యాప్. 2011 నుంచీ ఉంది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. ఎక్స్ అన్నది ఉచితంగా వచ్చేది. ఉచితం అన్నాక యాడ్స్ ఉంటాయి, ఉన్నాయి. కొన్ని బ్రష్‌లకు తాళం వేసి ఉంటుంది. ఒక వీడియో యాడ్ చూస్తే 18 గంటల పాటు ఆ తాళం తీస్తారు. మా అమ్మాయి దీనికో పద్ధతి కనిపెట్టింది. కాలేజీ నుంచి రాగానే యాడ్ పెట్టి, ఫోన్ బల్ల మీద బోర్లా పడేసి, మొహం కడుక్కోవడానికి వెళ్తుంది. వచ్చేసరికి యాడ్ అయిపోయి ఉంటుంది, బ్రష్‌లు మర్నాడు పొద్దున దాకా చేతిలో ఉంటాయి. యాడ్స్ అసలే వద్దనుకుంటే ఒకేసారి డబ్బు కట్టి తీసేయించుకోవచ్చు. ప్రైమ్ అని నెలనెలా కట్టేది ఇంకొకటి ఉంది. మేం రెండూ తీసుకోలేదు. వేలితో గీసే పిల్లకి ప్రైమ్ ఎందుకో నాకైతే అర్థం కాదు. ఉచితంగా ఇచ్చిన బ్రష్‌లే జన్మంతా వాడినా తరగవు. మా అమ్మాయి గీతలన్నీ దాదాపు డిప్ పెన్ హార్డ్ అనే బ్రష్‌తోనే. షేడింగ్‌కి ఎయిర్ బ్రష్. అంతే.

దీనికి ముందు వేరే యాప్ ఒకటి వాడింది. పేరెందుకులే. బొమ్మంతా వేశాక మూల మీద వాళ్ళ ముద్ర కొట్టి, అది తీయాలంటే డబ్బు కట్టమనేది. పిల్ల రాత్రంతా కూర్చుని వేసిన బొమ్మ మీద ఎవరి ముద్రో ఉంటే ఎంత ఉడుక్కుంటుందో పెంచినవాళ్ళకి తెలుసు.

ఇక పనితనం. మొదట నన్ను కట్టిపడేసింది స్టెబిలైజర్. గాజు మీద వేలు జారుతుంది, గీత వణుకుతుంది. ఆరీ సూదితో ఏళ్ళ తరబడి చైన్ స్టిచ్ వేసిన చెయ్యి నాది, అయినా ఫోన్ మీద నిలబడలేదు. స్టెబిలైజర్ పెంచితే గీత మన వేలికి కాస్త వెనకగా, నింపాదిగా వస్తుంది, వంపులు నున్నగా తేలతాయి. మరీ ఎక్కువ పెట్టకూడదు. పెడితే మూలలు కూడా గుండ్రంగా అయిపోయి, మామిడి పిందె కొస పోయి కోడిగుడ్డు తయారవుతుంది.

రెండోది లేయర్లు. కొత్తవాళ్ళకి ఇదే తికమక. నాకు మాత్రం క్షణంలో ఎక్కింది, ఎందుకంటే మేం చేసేదీ అదే: బటర్ పేపర్ మీద బటర్ పేపర్ పరిచి గీయడం. కింద కాగితం మీద చిత్తు గీత, దాని మీద పెట్టిన కాగితం మీద అసలు గీత, ఇంకో కాగితం మీద రంగు. చిత్తు గీత ఉన్నదాన్ని దాచేస్తే బొమ్మ శుభ్రంగా మిగులుతుంది. రంగు లేయర్‌కి క్లిప్పింగ్ పెడితే కింది లేయర్‌లో బొమ్మ ఎంతవరకు ఉందో అంతవరకే రంగు అంటుతుంది, ఎంత విచ్చలవిడిగా పూసినా బయటికి పోదు. నా కూతురు ఇది నాకు నేర్పిస్తూ "అమ్మా, నువ్వు చీరకి ఫాల్ కుట్టినంత జాగ్రత్తగా రంగు పూయక్కర్లేదు, పులిమెయ్" అంది. పులిమాను. భలే హాయిగా ఉంది.

బకెట్ బొమ్మ ఉన్న మీట నొక్కి ఒక్క దెబ్బలో రంగు నింపొచ్చు కానీ, గీతలో ఎక్కడైనా సందుంటే రంగు కారిపోయి కాన్వాస్ (అంటే మనం గీసే తెల్ల కాగితం లాంటి చోటు) అంతా నిండుతుంది. అప్పుడు ఆ సందు ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండు వేళ్ళతో పెద్దది చేసి, తిప్పి, మూలమూలా చూడాలి. జాకెట్టులో ఊడిన కుట్టు వెతికినంత ఓపిక కావాలి, అది పిల్లకి నాకన్నా ఎక్కువే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. కాలేజీకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. మంచిదే. పొద్దున్నుంచీ చూసిందంతా రఫ్ నోట్సు వెనక పేజీల్లో పెన్సిల్‌తో పడుతుంది. ఇంటికొచ్చాక ఆ పేజీని ఫొటో తీసి యాప్‌లోకి తెస్తుంది. ఫొటో తేగానే యాప్ "గీతల బొమ్మగా మార్చమంటారా" అని తనే అడుగుతుంది. సరే అంటే కాగితం రంగు పోయి నల్ల గీతలు మాత్రమే మిగులుతాయి. రూళ్ళ నోట్సు కదా, ఆ నీలం రూళ్ళ సంగతేమిటి? నలుపు, తెలుపు ఎంతెంత ఉండాలో సరిచేసే మీటలు ఇస్తుంది. పెన్సిల్ గట్టిగా ఒత్తి గీసి ఉంటే రూళ్ళు మాయమై బొమ్మ నిలుస్తుంది. సుతారంగా గీసి ఉంటే రూళ్ళతో పాటు బొమ్మా మాయమవుతుంది. ఇది తెలిశాక మా అమ్మాయి పెన్సిల్ ఒత్తిపట్టి గీయడం మొదలెట్టింది, నోట్సులో వెనక పేజీ మీద కూడా బొమ్మ అచ్చు పడుతోంది. కెమిస్ట్రీ ఈక్వేషన్ల మధ్య షేర్ ఆటో.

షేర్ ఆటో అంటే ఉత్త ఆటో కాదు. వెనక వేలాడుతున్న క్యారేజీ సంచీ, డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చుని ఒక కాలు బయట పెట్టిన కాలేజీ కుర్రాడు, లోపల ఒళ్ళో కోడిని పెట్టుకున్న పెద్దాయన. ఫిజిక్స్ లెక్చరర్ గారి చెప్పులు ఒక పేజీ నిండా ఉన్నాయి. కాలవ గట్టు మీద గేదెలు. మంచినీళ్ళ బిందె మూత. ఈ పిల్ల ఇవన్నీ ఎప్పుడు చూస్తుందా అనుకుంటాను. పక్కన కూర్చుని అన్నం తింటూ పిలిస్తే పలకదు, కానీ నా చేతి గాజుల్లో ఒకటి సొట్టపోయిందని బొమ్మలో తెలుస్తుంది.

మా తెనాలిలో పాత బోల్టులు, గేర్లు, సైకిల్ చైన్లు అతికించి నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. వాటి ఫొటోలు పేపర్లలో చూసే ఉంటారు. ఆదివారం అటువైపు వెళ్తే మా అమ్మాయి అక్కడ ఆగిపోతుంది. ఒకసారి ఇంటికొచ్చి సైకిల్ చైన్‌తో జడ అల్లుకున్న అమ్మాయి బొమ్మ వేసింది. జడకుచ్చుల స్థానంలో స్పార్క్ ప్లగ్గులు. చైన్ లింకులన్నీ ఒక్కొక్కటీ గీయలేదట, ఒకటి గీసి కాపీ చేసి, కాస్త కాస్త తిప్పి అతికించుకుంటూ పోయిందట. ఈ పని కాగితం మీద అయితే చెయ్యి పడిపోయేది. యాప్ వల్ల కలిసొచ్చిందంటే ఇదే. విసుగు పుట్టే భాగం అది చూసుకుంటుంది, చైన్‌ని జడగా చూడటం మాత్రం పిల్లే చేయాలి.

ఒప్పుకోలేని సంగతి కూడా ఉంది: కళ్ళు. ఈ వయసు పిల్లలందరిలాగే మాదీ జపాన్ కార్టూన్ కళ్ళు వేస్తుంది, మొహంలో సగం కళ్ళే. బాపు బొమ్మలు చూస్తూ పెరిగిన ప్రాణం నాది, సోగకళ్ళు కావాలి నాకు. వాళ్ళ నాయనమ్మ కాలి బొటనవేలికి దారం తగిలించి మల్లెపూలు కడుతుంటే బొమ్మ వేసింది. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "నా కళ్ళు ఇంతున్నాయంటే మీ తాతయ్య నన్ను చూసి పారిపోయేవాడే" అన్నారు.

ఆ బొమ్మ గురించే ఇంకొంచెం చెప్పాలి. ఈ యాప్ మనం గీస్తున్నంతసేపూ అదంతా తనలో రికార్డు చేసుకుంటుంది. అయ్యాక గబగబా నడిచే చిన్న వీడియోగా చూడొచ్చు. పిల్లలు దాన్ని స్పీడ్ పెయింట్ అంటారు, స్నేహితులకి పంపుకుంటారు. నేను దాన్ని వేరేలా చూశాను. నాయనమ్మ మొహం, ఆ పెద్ద కళ్ళు, ఒక్క ఊపున వచ్చేశాయి. బొటనవేలు దగ్గర ఆగిపోయింది. గీసింది, చెరిపింది. దారం వేలికి ఎటు నుంచి చుట్టి ఎటు వస్తుందో కుదరలేదు. వేలు ఒకసారి లావు, ఒకసారి పొట్టి. చివరికి గోరు అంచున పాత పగులు ఒకటి పెట్టాక వదిలింది. మా అత్తగారి గోరుకి ఆ పగులు నిజంగానే ఉంది. కళ్ళ గురించి సాధించడం అప్పటి నుంచి తగ్గించాను, పూర్తిగా మానలేదు.

మా ఆయనకి ఇదంతా టెన్షన్. "ఎంసెట్‌లో బొమ్మలు అడుగుతారా" అంటారు. దాని పేరు ఈఏపీసెట్‌గా మారినా ఆయనకి ఎంసెటే. అడగరు, నిజమే. అందుకే ఇంట్లో ఒక ఒప్పందం పెట్టుకున్నాం. హోంవర్క్ అయ్యాకే యాప్, రాత్రి పదింటికి ఫోన్ ఫ్రిజ్ మీద. ఫోన్ నాదే కాబట్టి ఒప్పందం నడుస్తోంది. గీస్తున్న మధ్యలో కస్టమర్ ఫోన్ చేసి "జాకెట్టు అయిందా అక్కా" అంటే మాత్రం పిల్ల మొహం చూడాలి.

నా వాడకం సంగతి చెప్తాను. మగ్గం పని తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: డిజైన్ బటర్ పేపర్ మీద గీసి, గీత వెంబడి సూదితో దగ్గరదగ్గరగా చిల్లులు పొడుస్తాం. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడితో పైన రుద్దితే చిల్లుల్లోంచి చుక్కలు దిగి డిజైన్ గుడ్డ మీద అచ్చవుతుంది. ఆ చుక్కల మీద జరీ, పూసలు, చమ్కీలు. మెడ డిజైన్ రెండువైపులా ఒకేలా రావాలి కాబట్టి కాగితం మధ్యకి మడిచి సగం గీసి, రెండు పొరలకీ కలిపి చిల్లులు పొడవడం మా పాత పద్ధతి. యాప్‌లో సిమెట్రీ రూలర్ అని ఉంది. మధ్యగీత పెట్టుకుని ఎడమవైపు లత గీస్తుంటే కుడివైపు లత దానంతటదే పుట్టుకొస్తుంది. కాగితం మడతలో సగమే కనబడేది, ఇక్కడ గీస్తుండగానే మొత్తం మెడ ఎలా ఉంటుందో కనబడుతుంది. కస్టమర్ ఎదురుగా కూర్చుని "ఆ పువ్వు కొంచెం కిందికి" అంటే అక్కడికక్కడే జరపొచ్చు. జాకెట్టు రంగు వెనక లేయర్‌లో పోసి చూపిస్తే ఇంకా తొందరగా తేలుస్తారు.

ప్రింటు దగ్గర మాత్రం జాగ్రత్త. ఏ4 కొలతకి కాన్వాస్ పెట్టుకోండి, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480 బై 3508 పిక్సెల్స్. జిరాక్స్ షాపులో 'ఫిట్ టు పేజ్' కొడితే కొలత మారిపోతుంది, కుట్టాక మెడ అరంగుళం తేడా వచ్చిందంటే కస్టమర్ ఊరుకోదు. కాగితం చేతికి రాగానే టేపు పెట్టి చూసుకోవాలి. ఇంకోటి, కాన్వాస్ ఎంత పెద్దదైతే అంత తక్కువ లేయర్లు దొరుకుతాయి, ఫోన్ మెమరీని బట్టి. నాకు ఫర్వాలేదు, నావి గీతలే. లేయర్లు దండిగా వాడే పిల్లలు చిన్న కాన్వాస్‌తో మొదలుపెడితే మంచిది. స్క్రీన్ మీద వెలిగే రంగులు కాగితం మీద అంత వెలగవని కూడా ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మొదటి ప్రింటు చూసి ఏడుస్తారు.

ఒకరోజు పెళ్ళికూతురొకామె రిసెప్షన్ జాకెట్టుకి వచ్చింది. నెమళ్ళు, హంసలు, ఏనుగులు, లక్ష్మీ కాసులు అన్నీ తిరగేసింది. "అందరికీ ఇవే ఉన్నాయి ఆంటీ" అంది. నిజమే, ఉన్నాయి. మా పనిలో ఎవరి డిజైన్ ఎవరు కొట్టేశారో దేవుడికే తెలియాలి. మా అమ్మాయి అక్కడే ఉండి, ఏమీ అనకుండా ఫోన్ తీసి తన బొమ్మ ఒకటి చూపించింది. మా మేడ మీంచి కనబడే కరెంటు తీగలు, వాటి మీద వరసగా పిట్టలు. తీగలు రెండు స్తంభాల మధ్య వేలాడుతూ దిగే ఆ వంపు చూస్తే అచ్చం జాకెట్టు వెనక మెడ వంపే. నేను ఎన్నేళ్ళుగా ఆ మేడ మీద బట్టలు ఆరేస్తున్నానో, నాకు తట్టలేదు. పెళ్ళికూతురు ఎగిరి గంతేసింది. వాళ్ళమ్మ మాత్రం "శుభమా అని పెళ్ళి జాకెట్టు మీద కాకులా?" అంది. "కాకులు కాదాంటీ, గోరింకలు" అని మా అమ్మాయి పెద్దది చేసి చూపించింది. ముక్కులు పసుపు. కళ్ళ వెనక పసుపు. సరే, గోరింకలున్నాక చిలక లేకపోతే ఎలా అని నేను ఒక కొసన చిలకని పెట్టమన్నాను. దాంతో వాళ్ళమ్మ కూడా చల్లబడింది.

తీగలు మూడు వరసలు జరీ చైన్ స్టిచ్. పిట్టల ఒళ్ళంతా నాట్ స్టిచ్, ముదురు గోధుమ సిల్కు దారం. ముక్కుకి పసుపు దారం రెండు పోగులు. చిలకకి మాత్రం ఆకుపచ్చ కట్ దానా పూసలు, మెడలో ఎర్ర పూస ఒకటి. ఇక్కడ మాత్రం సిమెట్రీ రూలర్ వాడనివ్వలేదు మా అమ్మాయి. "తీగ మీద పిట్టలు రెండువైపులా ఒకేలా కూర్చుంటాయా అమ్మా" అంది. తీగలకి పెట్టి, పిట్టలకి తీసేసింది. డిజైన్‌కి 500 రూపాయలు లెక్కగట్టి చేతిలో పెట్టాను. అందులోంచి టచ్ పెన్ కొనుక్కుంది. కొనేవాళ్ళకి ఒక మాట: రబ్బరు బుడిపె ఉన్నవి వద్దు, గీత ఎక్కడ పడుతుందో కనబడదు. పల్చటి ప్లాస్టిక్ బిళ్ళ ఉన్నవి నయం. ఏదైనా మామూలు ఫోన్ మీద ఒత్తిడి తెలియదు, ఎంత ఒత్తినా గీత లావు ఒక్కటే. అది కావాలంటే దానికి తగ్గ పెన్నుతో వచ్చే ఫోనో ట్యాబో ఉండాలి, ఆ ఖర్చు వేరే.

బొమ్మలు నెట్‌లో పెట్టుకునే గ్యాలరీ కూడా ఈ యాప్‌కి ఉంది. అక్కడ ప్రపంచమంతా పిల్లలే, లైకులు, కామెంట్లు. మా అమ్మాయికి నేను పెట్టిన షరతు: అసలు పేరు వద్దు, ఫొటో వద్దు, కాలేజీ పేరు వద్దు. ఇంకొకరి బొమ్మని కింద పెట్టుకుని దాని మీద గీయడం నేర్చుకోవడానికి చేసుకో, దాని కింద సంతకం మాత్రం పెట్టకు అన్నాను. "మరి నువ్వు పింటరెస్ట్ లోంచి నెమళ్ళు దించుతావుగా" అంది. జవాబు చెప్పకుండా సూదిలో దారం ఎక్కించుకున్నాను.

కాగితాన్ని మాన్పించొద్దు. రంగులో రంగు కలిపితే ఏమవుతుందో, నీళ్ళు ఎక్కువైతే కాగితం ఎలా ఉబ్బుతుందో ఫోన్ నేర్పదు. ప్రభుత్వం పెట్టే లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు రాయించాలనుకుంటే అవి కాగితం మీదే. నేను ఎంబ్రాయిడరీ లోయర్ రాసినదాన్ని, అక్కడ యాప్ చూపిస్తానంటే ఊరుకోరు. ఒక స్కెచ్ బుక్, మంచి పెన్సిళ్ళు రెండు, అంతకి మించి అక్కర్లేదు. బొమ్మలన్నీ ఫోన్లోనే ఉంటాయి కాబట్టి నెలకోసారైనా పీఎన్‌జీ అనే ఫొటో ఫైలుగా వేరేచోట దాచండి. ఫోన్లు కింద పడతాయి, నీళ్ళలో పడతాయి, తమ్ముళ్ళ చేతుల్లో పడతాయి.

మార్కులు వేయమంటే ఐదుకి నాలుగున్నర. ఆ అర యాడ్స్‌కి తగ్గించాను.

గోరింకల జాకెట్టు చూసి ఇప్పుడు ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకామెకి అచ్చం అదే కావాలట. రెండో ఆమె "మీ అమ్మాయిని ఏదైనా కొత్తది గీయమనండి" అంది. షేర్ ఆటో గీసిస్తానంటోంది ఇది, చేతుల అంచు చుట్టూ వరసగా, వెనక క్యారేజీ సంచీతో సహా. శ్రావణమాసం ఆర్డర్లు నెత్తిమీద ఉన్నాయి, ఆటో చక్రాలకి ఏ స్టిచ్ వేయాలో నేనింకా తేల్చుకోలేదు.